క్లాసిక్ కారు వెనక అద్దం: రబ్బరు పట్టు, తాడు పని

పాత తరం కార్లలో వెనక అద్దం మొత్తం ఒక్క రబ్బరు పట్టీ ఆధారంగా నిలుస్తుంది. మన షెడ్లలో దీన్ని బీడింగ్ రబ్బరు అంటారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారై, 2014 వరకు ఉత్పత్తిలో ఉన్న హిందుస్థాన్ అంబాసిడర్, ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని, జర్మనీ వారి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ అన్నీ ఈ పద్ధతిలో అద్దం బిగించుకున్నవే. వీటిని తిరిగి తీర్చిదిద్దేటప్పుడు ఇంజనుకూ రంగుకూ దక్కే శ్రద్ధ వెనక అద్దానికి దక్కదు. బాడీని లోలోపల తినేసే తుప్పు మాత్రం చాలాసార్లు ఆ రబ్బరు కిందే మొదలవుతుంది.

రబ్బరు నిర్మాణం

పట్టీని అడ్డంగా కోసి చూస్తే వీపు వీపుకు ఆనించిన రెండు గాడులు కనిపిస్తాయి. ఒక గాడిలో అద్దం అంచు కూర్చుంటుంది, రెండో గాడి బాడీ రేకు అంచును కరిచి పట్టుకుంటుంది. ఈ రేకు అంచు లోపలి, బయటి రేకులను కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన చోటు. అద్దం పక్క గాడి కొంచెం లోతుగా ఉంటుంది. బాడీ ఊగినప్పుడు, రేకు వేడికి సాగినప్పుడు ఆ కదలికను రబ్బరు తనలో ఇముడ్చుకుని అద్దాన్ని కాపాడుతుంది. నేటి కార్లలో అద్దాన్ని యూరిథేన్ జిగురుతో నేరుగా బాడీకి అతికిస్తారు కాబట్టి ఆ అద్దం బాడీ గట్టిదనంలో కూడా భాగం పంచుకుంటుంది. రబ్బరులో కూర్చున్న అద్దానికి ఆ భారం లేదు. అందుకే దాన్ని పగలకుండా తీసి, మళ్ళీ అదే చోట పెట్టవచ్చు.

రబ్బర్లలో రెండు రకాలున్నాయి. మొదటిది ఒకే ముక్కగా ఉండి, తన బిగువుతోనే అద్దాన్ని పట్టుకునేది. రెండో దానికి మధ్యలో అదనంగా ఒక సన్నని గాడి ఉంటుంది. అద్దం కూర్చున్నాక ఆ గాడిలోకి ఒక బిగింపు పట్టీ దూర్చితే రబ్బరు విచ్చుకుని అద్దాన్నీ రేకునూ ఒకేసారి బిగిస్తుంది. పాత బ్రిటిష్ మినీ కార్లలో ఉన్నది ఈ రెండో రకం.

పాత రబ్బర్లు ఎక్కువగా సహజ రబ్బరుతో చేసినవి. ఎండకూ గాలిలోని ఓజోన్‌కూ అవి గట్టిపడి, పైన సన్నని పగుళ్లు తేలతాయి. ఇప్పుడు దొరికే వాటిలో ఈపీడీఎం రబ్బరు మేలు. ఎండనూ ఓజోన్‌నూ అది బాగా తట్టుకుంటుంది కానీ పెట్రోలు, గ్రీజు, ఇంజనాయిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. బిగించేటప్పుడు జారుడు కోసం గ్రీజు పూయడం ఈ కారణంగానే తప్పు. సబ్బు నీళ్లే సరైనవి.

అద్దం స్వభావం

ముందు అద్దం చాలావరకు లామినేటెడ్, అంటే రెండు గాజు పలకల మధ్య పలుచని ప్లాస్టిక్ పొర ఉన్నది. వెనక అద్దం సాధారణంగా టఫెన్డ్ గాజు. దీన్ని 600 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, గాలి ధారలతో ఒక్కసారిగా చల్లారుస్తారు. పై పొర ముందుగా గట్టిపడి, లోపలి గాజు తర్వాత కుంచించుకుపోవడంతో ఉపరితలమంతా ఒత్తిడిలో ఉండిపోతుంది. అరచేత్తో నొక్కితే ఇది భయపడదు. అంచు మీద ఇనుప పనిముట్టు చిన్న దెబ్బ వేస్తే మాత్రం క్షణంలో పలుకులుగా రాలిపోతుంది. తయారైన తర్వాత దీన్ని కోయడానికీ తొలచడానికీ వీలుండదు కాబట్టి కొలత తప్పిన అద్దాన్ని అరగదీసి సరిచేసే దారి లేదు. పోలరైజ్డ్ కళ్లద్దాలతో చూసినప్పుడు టఫెన్డ్ గాజులో మచ్చలో గీతలో కనిపిస్తాయి. రెండు రకాలను వేరుపరచడానికి ఇది సులువైన గుర్తు.

పాతదాన్ని తీయడం

పనికి ఇద్దరు మనుషులు కావాలి. ముందుగా వెనక సీటునూ అద్దం కింది అరనూ దుప్పటితో కప్పాలి. అద్దంలో వేడి తీగలుంటే వాటి వైర్లు విడదీయాలి. రబ్బరును మళ్ళీ వాడే ఉద్దేశం లేనప్పుడు బయటి అంచును పదునైన బ్లేడుతో చుట్టూ కోసేయడం మేలు. అప్పుడు అద్దం ఏ బలప్రయోగమూ లేకుండా బయటికి వస్తుంది. గట్టిపడిన రబ్బరును స్క్రూడ్రైవరుతో పెకలించబోతే దాని మొన గాజు అంచును తాకుతుంది. తీసిన అద్దాన్ని నేల మీద నేరుగా నిలబెట్టకూడదు, మందపాటి గుడ్డ మీద పెట్టాలి. రబ్బరు మీద అలంకారంగా అమర్చే మెరుపు పట్టీ ఉంటే వంగకుండా విడిగా దాచాలి. పాత కార్ల పట్టీలకు బదులు దొరకడం రబ్బరు దొరకడం కన్నా కష్టం.

రేకు అంచును సిద్ధం చేయడం

మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకోవలసిన దశ ఇదే. సందు మూయడానికి పూసిన పాత మస్తిక్‌ను చెక్క లేదా ప్లాస్టిక్ గరిటెతో గీకి, మిగిలిన జిడ్డును టర్పెంటైన్‌తో తుడవాలి. రంగు ఉబ్బిన ప్రతి చోటా వైరు బ్రష్‌తో రేకు బయటపడేదాకా రుద్దాలి. పైపైన మరకలా ఉన్న తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం సరిపోతుంది. చిల్లు పడిన చోట మాత్రం కుళ్లిన రేకును కోసి కొత్త ముక్క వెల్డింగ్ చేయక తప్పదు. చిల్లును పుట్టీతో పూడ్చితే కొద్ది కాలానికే నీరు దాని వెనక చేరుతుంది.

టింకరింగ్ చేసేవారు ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. పాత రేకు మీద మరో రేకు అతికిస్తే అంచు మందమై రబ్బరు గాడిలో పట్టదు. వంపులో ఎత్తుపల్లాలు మిగిలితే ఒక చోట రబ్బరు బిగుసుకుని మరో చోట సందు విడుస్తుంది. పని ముగిశాక ఎపాక్సీ ప్రైమరు, దాని మీద రంగు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. అద్దం కూర్చోబెట్టేటప్పుడు లాగే తాడు పచ్చి రంగు మీద రాసుకుంటే పొర లేచిపోతుంది. బీటిల్‌తో సహా కొన్ని కార్లలో పైకప్పు లైనింగ్ గుడ్డ ఈ అంచు మీదుగా మడిచి రబ్బరు కిందికి వెళ్తుంది. అటువంటి కారులో గుడ్డ పని పూర్తయ్యాకే అద్దం ఎత్తాలి.

రబ్బరు తొడగడం

కొత్త రబ్బరును ముందు అద్దానికి తొడిగి చూడాలి. మూలలు మూలల్లో కూర్చుని, ఎక్కడా సాగకుండా, ముడత పడకుండా ఉంటే కొలత కుదిరినట్టే. మీటర్ల లెక్కన కొన్న రబ్బరైతే చుట్టుకొలత కన్నా కొద్దిగా పొడవుగా, కొనలు నిటారుగా వచ్చేలా కోయాలి. ఆ కొద్ది అదనం అతుకును ఎప్పుడూ ఒత్తిపట్టి ఉంచుతుంది. సరిగ్గా కొలిచి కోసిన రబ్బరు కాలక్రమంలో కుంచించుకుపోయి అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. అతుకు వంపులో పడకుండా తిన్నని భాగంలో రావాలి. మెరుపు పట్టీ రబ్బరులో ఇమిడే రకమైతే, బీటిల్‌లో లాగా, దాన్ని ఈ దశలోనే దూర్చాలి. అద్దం బాడీలో కూర్చున్నాక అది ఎక్కదు. రబ్బరును కాసేపు ఎండలో ఉంచితే మెత్తబడి చెప్పిన మాట వింటుంది.

తాడుతో కూర్చోబెట్టడం

బాడీ పక్క గాడిలో 3 నుంచి 5 మి.మీ. మందం గల నునుపైన నైలాన్ తాడును చుట్టూ పరచాలి. రెండు కొనలూ అద్దం కింది అంచు నడుమ ఒకదాన్ని ఒకటి 15 సెం.మీ. మేర దాటి, కారు లోపలికి వేలాడాలి. తర్వాత గాడికీ రేకు అంచుకూ సబ్బు నీళ్లు ధారాళంగా పూయాలి.

ఒకరు బయట నిలబడి అద్దాన్ని ఎత్తి, కింది అంచు ముందుగా కూర్చునేలా, రెండు పక్కలా సమానమైన సందుతో ఆనిస్తారు. రెండోవారు లోపల కూర్చుని తాడు ఒక కొనను అద్దానికి సమాంతరంగా, అద్దం మధ్యభాగం వైపు లాగుతారు. తాడు బయటికి వస్తూ రబ్బరు లోపలి అంచును రేకు మీదుగా ఇవతలికి తిప్పుతుంది. తాడు ఎక్కడ లాగుతుంటే బయటివారు సరిగ్గా అక్కడే అరచేత్తో నొక్కాలి. ఇద్దరి చేతులూ ఒకే చోట పనిచేయడంలోనే ఈ విద్య సారమంతా ఉంది. కింది భాగం అయ్యాక ఒక పక్క, తర్వాత రెండో పక్క, చివరగా పైభాగం పూర్తిచేస్తారు. తాడును తన వైపుకు నిలువుగా గుంజితే రబ్బరు అంచు చిరుగుతుంది.

పైభాగం ఎక్కకుండా మొరాయిస్తే, కింద అద్దం పూర్తిగా దిగలేదని అర్థం. బలం పెంచే బదులు బయట నుంచి పై అంచుకు దగ్గరగా అరచేత్తో కిందికి తడుతూ, మళ్ళీ సబ్బు నీళ్లు పోయాలి. అయినా కుదరకపోతే అద్దం దించి మొదటి నుంచి చేయడమే క్షేమం. మిగిలిపోయిన చిన్న మడతలను మొండి అంచు గల ప్లాస్టిక్ గరిటెతో సర్దవచ్చు.

బిగింపు పట్టీ ఉన్న రకంలో వరుస మారుతుంది. రబ్బరును ముందు బాడీకి తొడిగి, అద్దాన్ని దాని గాడిలోకి జార్చి, చివరకు కొనలో కన్ను ఉన్న ప్రత్యేక పనిముట్టుతో బిగింపు పట్టీని గాడి పొడవునా దూర్చుకుంటూ వెళ్తారు.

సీలెంటు, నీటి పరీక్ష

సబ్బు నీరు పూర్తిగా ఆరిన తర్వాత, అవసరమైతే రబ్బరు బయటి అంచు కింద ఎప్పటికీ గట్టిపడని మస్తిక్‌ను సన్నని ముక్కుతో ఎక్కించవచ్చు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు. దాని నుంచి వెలువడే ఎసిటిక్ ఆమ్లం రేకుకు తుప్పు పట్టిస్తుంది, మిగిలిన సిలికాన్ జాడల మీద తర్వాత రంగు నిలవదు.

పరీక్షకు పైపు నీటిని తక్కువ ఒత్తిడితో కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి తీసుకువెళ్లాలి. లోపల ఒకరు టార్చిలైటుతో కనిపెట్టి ఉండాలి. పైనుంచి మొదలుపెడితే నీరు కిందికి జారి, కారే చోటు తెలియకుండా చేస్తుంది. అద్దం కింద చేరిన నీరు సీటు వెనకగా జారి డిక్కీ నేల మీద తేలవచ్చు. డిక్కీలో తడి కనిపిస్తే మొదట చూడవలసింది వెనక అద్దం రబ్బరునే.

ఈ పద్ధతి విలువ

రబ్బరు పట్టు గొప్పతనం వెనక్కు తిప్పగలగడంలో ఉంది. ఇదే అద్దాన్ని తర్వాతి తరం మెకానిక్ కూడా తాడుతో, సబ్బు నీళ్లతో తీసి పెట్టగలడు. తొందరపడి పాత బాడీకి యూరిథేన్ జిగురుతో అద్దం అతికిస్తే, మళ్ళీ తీయవలసిన రోజున తీగతో కోయాలి. అప్పుడు రంగూ, ఒక్కోసారి అద్దమూ పోతాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్న కార్లకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ లభిస్తుంది. అసలు పద్ధతిలో చేసిన మరమ్మతుకు విలువ పెరుగుతున్న కాలమిది.

బిగించిన తర్వాత ఏడాదికోసారి, వానాకాలానికి ముందు, రబ్బరును సబ్బు నీళ్లతో కడిగి, నీటి ఆధారిత రబ్బరు సంరక్షణ ద్రవం పూయాలి. మూలల్లో పగుళ్లు, అతుకు దగ్గర సందు, అంచు పక్కన రంగు ఉబ్బడం ఉన్నాయేమో చూడాలి. వీటిలో ఏది కనిపించినా ఆ ఏడే రబ్బరు మారిస్తే ఖర్చు రబ్బరుతో పోతుంది. ఆలస్యం చేస్తే రేకు పని కూడా మీద పడుతుంది.