మామ్మ చేతి నూలు

మా మామ్మ పోయిన తర్వాత ఆవిడ రాట్నం పక్కన మూడు వస్తువులు మిగిలాయి. సగం చుట్టిన నూలు చిలప, ఎండిన అరటి డొప్పలో దాచిన ఏకులు, ఒక చేప దవడ. పొందూరు వాళ్లకి ఆ దవడ గురించి చెప్పక్కర్లేదు. బయటివాళ్లకి మాత్రం చెప్పి తీరాలి. మా ఇంట్లో పొయ్యి వెలిగింది దాని పుణ్యమే.

శ్రీకాకుళం జిల్లా పొందూరు పేరు చెప్పగానే సన్నఖద్దరు గుర్తొస్తుంది. ఆ నేత గొప్పతనం విని గాంధీజీ తన కొడుకు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపారని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పంచె నేసిన మగ్గాన్ని అందరూ చూస్తారు. ఆ మగ్గం దాకా వెళ్లే నూలు వెనక, ఇంటి వసారాల్లో కూర్చున్న ఆడవాళ్ల చేతులున్నాయి. అందులో రెండు మా మామ్మవి.

తాతయ్య పోయేనాటికి మా నాన్నకి ఆరేళ్లు, అత్తకి నాలుగు. పొలం లేదు. పుట్టింటినుంచి తెచ్చుకున్న రాట్నం ఉంది, అమ్మ దగ్గర నేర్చుకున్న పని ఉంది. వాటితోనే ఇద్దరు పిల్లల్నీ చదివించింది, అత్త పెళ్లి చేసింది.

ఈ పని పత్తి ఏరడంతో మొదలవుతుంది. సన్ననూలుకి వాడేది కొండపత్తి. దాని పోగు పొట్టిది, మెత్తనిది. ఆకుముక్కలు, నలుసులు ఒక్కొక్కటీ వేళ్లతో తీసేస్తుంది మామ్మ. అప్పుడు చేప దవడ అందుకుంటుంది. అది వాలుగ చేపది. దాని అంచున సూదిమొనల్లాంటి చిన్న చిన్న పళ్లు వరసగా ఉంటాయి. ఎడమచేతి వేళ్లతో గింజని పట్టుకుని, దాన్ని అంటిపెట్టుకున్న దూదిని ఆ పళ్లతో దువ్వుతుంది, పసిపిల్ల తల దువ్వినట్టు. పోగులన్నీ ఒక్క వైపు సాగుతాయి, మిగిలిన నలుసు రాలిపోతుంది. దీన్ని నిడవడం అంటారు. ఇనుప దువ్వెన పెడితే ఇంత పొట్టి పోగు తెగిపోతుంది. చేప పన్ను పోగుని నొప్పించదని మామ్మ అనేది.

ఆ తర్వాత చెక్కపలక మీద పత్తి పరిచి, సన్నని ఇనుపకడ్డీ దొర్లించి గింజలు వేరు చేస్తుంది. అంత చేసినా గింజ నలగదు. మిగిలిన దూదిని విల్లు నారితో ఏకుతుంటే గదంతా తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నని మోత. పొగమంచులా విచ్చుకున్న ఆ దూదిని వేలెడు ఏకులుగా చుట్టి, చెమట, దుమ్ము తగలకుండా అరటి డొప్పలో పెడుతుంది. ఇన్ని పనులయ్యాకే రాట్నం ముందు కూర్చోవడం.

కుడిచేత్తో చక్రం తిప్పుతుంది, ఎడమచేత్తో ఏకుని వెనక్కి లాగుతుంది. కదురు కొన దగ్గర పోగు పుడుతుంది. ఎంత లాగాలో, ఎప్పుడు మెలిపెట్టాలో చెప్పడానికి కొలబద్ద లేదు. వేళ్లకి తెలియాలి, అంతే. పొడిగాలికి నూలు ఊరికే తెగుతుందని, గాలిలో తడి ఉన్న తెల్లవారుజామునే ఎక్కువ వడికేది.

మామ్మ వడికే నూరో నంబరు నూలు అంటే ఏమిటో నాకు పెద్దయ్యాక లెక్క వేసుకుంటే తెలిసింది. ఆ నూలు వెయ్యి మీటర్ల చిలప తూకం వేస్తే ఆరు గ్రాములు కూడా ఉండదు. అంటే మామ్మ గుప్పెడు దూదిని కిలోమీటరు పొడవు సాగదీసేది. కరెంటు లేదు, యంత్రం లేదు. అలా వడికిన నూలుతో నేసిన పంచె ఎండాకాలం ఒంటికి చల్లగా ఉంటుంది, చలికాలం వెచ్చగా ఉంటుంది.

పదేళ్లప్పుడు నేనూ పక్కన కూర్చుని లాగబోయాను. పోగు తెగింది. మళ్లీ లాగాను, మళ్లీ తెగింది. మామ్మ కోప్పడలేదు. తెగిన రెండు కొసలూ చిటికెలో కలిపి మెలిపెట్టింది.

"తొందరేటే గుంటా! నీ మనసు పరిగెడితే దారానికి తెలిసిపోద్ది" అంది.

ఆవిడ భక్తీ ఈ పనిలాంటిదే. తులసికోట దగ్గర దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, నేరుగా రాట్నం దగ్గరికొచ్చేది. అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆవిడ ఇష్టదైవం. ఆదివారం ఉప్పు ముట్టేది కాదు. రథసప్తమికి పిడకల పొయ్యి మీద పరమాన్నం వండి చిక్కుడాకుల్లో నైవేద్యం పెట్టేది. దసరాకి రాట్నానికి, కదురుకి, విల్లుకి పసుపు కుంకుమ పెట్టాక, చేప దవడకీ ఒక బొట్టు పెట్టేది. "ఇది మనకి అన్నం పెట్టిన చెయ్యి" అని కళ్లకద్దుకునేది.

ఇంత నేర్పుకి దక్కిన కూలి ఎప్పుడూ చిన్నదే. చిలపల లెక్కన డబ్బు చేతికొచ్చేది. ఏరినందుకు, నిడిచినందుకు, ఏకినందుకు పట్టిన గంటల్ని ఎవరూ విడిగా లెక్కపెట్టలేదు. అందుకే చాలామంది ఇళ్లల్లో కోడళ్లు, మనవరాళ్లు రాట్నం ముట్టుకోలేదు. నేనూ ముట్టుకోలేదు. చదువుకుని ఊరొదిలి వెళ్లాను. ఆ చదువుకి కట్టిన ఫీజులో మామ్మ నూలు ఉంది. సన్నఖద్దరు మిగలాలంటే పంచె కట్టుకునేవాళ్లు మెచ్చుకుంటే చాలదు, వడికే చేతికి కడుపు నిండే కూలి రావాలి. అప్పుడే ఆ విద్య మరో చేతికి వెళ్తుంది.

పెద్దకర్మ అయ్యాక ఆ చేప దవడని అద్దాలపెట్టెలో పెట్టి గోడకి తగిలిద్దామని నాన్న అన్నారు. చేత్తో పట్టుకుని చూశాను. మధ్యలో పళ్లు అరిగిపోయాయి. చివర్లవి ఇంకా పదునుగానే ఉన్నాయి. రెండిళ్ల అవతల ఒక వదిన ఇప్పటికీ వడుకుతోంది. సగం చిలప, ఏకులు, దవడ తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాం.

మొన్న దసరాకి వెళ్తే వదిన వసారాలో కూర్చుని ఆ దవడతోనే పత్తి నిడుస్తోంది. దాని మీద బొట్టు ఇంకా తడి ఆరలేదు.