కేసు కట్టలోనే సీపీసీ పాఠం

సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) తెరిస్తే 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు. ఒక్క 21వ ఆర్డరులోనే వందకు పైగా రూళ్ళు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఇదే వరసలో చదివిన విద్యార్థికి పరీక్ష నాటికి రెస్ జ్యుడికేటా నిర్వచనం నోటికి వస్తుంది, కేవియట్ 90 రోజులు నిలుస్తుందని తెలుస్తుంది. ఒక రైతు పాస్‌బుక్కూ నాలుగు పాత దస్తావేజులూ తెచ్చి ముందు పెడితే మాత్రం దావాకు ఎక్కడ చెయ్యి వెయ్యాలో తోచదు. తప్పు చదివే వరసలో ఉంది. 1908లో చట్టమై 1909 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ కోడ్‌లో సెక్షన్లు కోర్టు అధికారాలను చెబుతాయి, ఆర్డర్లు పని నడిచే తీరు చెబుతాయి. రెండూ కలిసి కనిపించేది నడిచిన దావాలోనే. అందుకే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్ళ కోర్టుల్లో తేలే మామూలు దావాల కట్టలే ఈ సబ్జెక్టుకు మొదటి పాఠ్యపుస్తకం కావాలని నా వాదన.

పులివెందుల వైపు ఒక చీనీ తోట అనుకుందాం. ఉమ్మడి ఆస్తి, మధ్యలో ఒకే బోరు. అక్కచెల్లెళ్ళు భాగం అడిగారు. హిందూ వారసత్వ చట్టానికి 1985లో ఆంధ్రప్రదేశ్ సవరణ పెళ్ళికాని కూతుళ్ళకూ, 2005లో కేంద్ర సవరణ కూతుళ్ళందరికీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చాయి. వాటా ఎంతో ఆ చట్టం చెబుతుంది, వాటాను నేల మీదికి దించేది సీపీసీ. కోర్టు మొదట ఎవరికి ఎంత భాగమో తేల్చి ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. ఆ తర్వాత 26వ ఆర్డరు కింద అడ్వకేట్ కమిషనర్ తోటకు వెళ్ళి సర్వేయరుతో కొలిపిస్తాడు. ఏ వాటాలో ఎన్ని చెట్లు పడ్డాయి, దారి ఏ వైపు, బోరు నీళ్ళు ఎలా పంచాలి అన్నవి నివేదికలో పెడతాడు. అభ్యంతరాలు విన్నాకే తుది డిక్రీ. ఒకే దావాలో రెండు డిక్రీలు ఎందుకని గైడు చదివి తికమకపడే విద్యార్థికి ఈ నివేదిక, దానికి జతచేసిన ప్లాను చూపిస్తే చాలు. చెట్లనూ నీళ్ళనూ కోర్టు హాల్లో కూర్చుని పంచలేరు గనుకే అక్కడ రెండో మెట్టు ఉంది. ప్లైంటు, అంటే దావా పత్రం, రాయడంలోని నేర్పూ ఇక్కడే తెలుస్తుంది. షెడ్యూలులో ఉమ్మడి ఆస్తి ఒకటి వదిలేస్తే పాక్షిక విభజన చెల్లదంటారు, ఒక చెల్లెలిని పార్టీగా చేర్చకపోతే అవసరమైన పక్షం లేదంటారు. సర్వే నంబరు, నాలుగు చెక్కుబందీలు సరిగా లేకపోతే గెలిచిన డిక్రీ కూడా పొలం దగ్గర ఆగిపోతుంది.

ప్లైంటులో ఏం రాయాలన్న దానికి 6వ ఆర్డరు రెండో రూలు పెట్టిన గీత చాలా సన్ననిది. హక్కుకు ఆధారమైన సంగతులు రాయాలి, వాటిని రుజువు చేసే సాక్ష్యం రాయకూడదు. ‘గట్టు వరకు భూమి నా స్వాధీనంలో ఉంది’ అన్నది సంగతి, పక్క పొలం రైతు చూశాడన్నది సాక్ష్యం. ఈ తేడా వినగానే అర్థమైనట్టే ఉంటుంది, రాయడానికి కూర్చుంటేనే కష్టం తెలుస్తుంది. ప్రతివాది వైపూ అంతే నియమం ఉంది. 8వ ఆర్డరు ప్రకారం ప్రతి సంగతినీ విడివిడిగా కాదనాలి, తప్పించుకునే జవాబు ఒప్పుకోలు కింద లెక్క. ఒకరు ఔనని ఇంకొకరు కాదన్న సంగతి దగ్గరే ఇష్యూ పుడుతుంది. గట్టు తగాదాలో గంటల తరబడి సాగే ఆరోపణలను ఇలా వడకట్టి మూడు నాలుగు ప్రశ్నలకు తేవడం ఈ విద్యలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది. జమ్మలమడుగు వైపు పొలం దావాలో ఇంజంక్షన్ ఒక్కటే అడగాలా, హక్కు ప్రకటన కూడా అడగాలా అన్న ప్రశ్న వస్తే, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులో 2008లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దారి చూపుతుంది. స్వాధీనం ఉండి, హక్కు మీద గట్టి సందేహం లేకపోతే ఇంజంక్షన్ చాలు. హక్కునే ప్రశ్నించే స్థితి వచ్చినప్పుడు ప్రకటన అడగాలి. ఈ ఎంపిక మొదటి రోజు తప్పితే కొన్నేళ్ళ తర్వాత అప్పీలులో బయటపడుతుంది.

బంగారం, బట్టల వ్యాపారాలకు పేరుపడ్డ ప్రొద్దుటూరులో బాకీ దావా ఇంకో పాఠం. ప్రోనోటుకు గడువు మూడేళ్ళు. ఆ లోపల బాకీదారు కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే గడువు మళ్ళీ మొదలవుతుంది. నోటు రాసిచ్చాడని రుజువైతే ప్రతిఫలం ముట్టిందనే చట్టం అనుకుంటుంది, కాదని చూపే భారం బాకీదారు మీద పడుతుంది. ఇదంతా తేలి డిక్రీ వచ్చాక అసలు పని మొదలు. మన దేశంలో దావాదారు కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ అంది. డిక్రీ అమలు పిటిషన్ (ఈపీ) వేయడానికి పన్నెండేళ్ళ గడువుంది, కానీ దేన్ని జప్తు చేయవచ్చో 60వ సెక్షన్ చూడాలి. చేతివృత్తివాడి పనిముట్లు, సేద్యం చేసేవాడి పనిముట్లు, బతుకుతెరువుకు కావలసిన ఎడ్లు, విత్తనాలు, అతను కాపురముంటున్న ఇల్లు జప్తుకు రావు. ప్రొద్దుటూరు నేతగాడి మగ్గాన్ని అప్పు కింద పట్టుకుపోకుండా ఆపేది ఈ సెక్షనే. ప్రొసీజర్ అంటే గడువులూ ఫారాలే అనుకునే విద్యార్థి ముందుగా చదవాల్సింది దీన్నే. కట్టగలిగే స్తోమత లేనివాణ్ణి బాకీ ఒక్కటే కారణంగా జైల్లో పెట్టరాదని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా 51వ సెక్షన్‌ను చదువుతూనే.

ఈ ప్రొసీజరే ఆలస్యానికి కారణం, దీన్ని ఇంత భక్తిగా చదవడం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ఆలస్యం నిజం, దాన్ని తేలిక చేయకూడదు. అయితే కోడ్ గడువులు పెట్టకపోలేదు. రిటన్ స్టేట్‌మెంటుకు 30 రోజులు, కారణం ఉంటే 90 రోజుల దాకా అని 2002 సవరణ చెప్పింది. అవతలి పక్షానికి చెప్పకుండా ఇచ్చిన తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషనును 30 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని 39వ ఆర్డరు అంటుంది. ఈపీలను ఆరు నెలల్లో ముగించాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. ఈ రూళ్ళు తెలిసిన వకీలు వాటిని గుర్తుచేసి అడగగలడు, తెలియనివాడు వాయిదా తీసుకుంటాడు. నియమం శిక్ష కోసం కాదనీ, రెండో పక్షాన్ని వినకుండా ఎవరి ఆస్తినీ తేల్చకూడదన్నదే దాని ఉద్దేశమనీ 1955లో జస్టిస్ వివియన్ బోస్ రాసిన తీర్పు సారం. ప్రతివాది రాకుండానే ఇచ్చిన ఎక్స్ పార్టీ డిక్రీని పక్కన పెట్టమని అడిగే దారి కోడ్‌లో ఉన్నది అందుకే.

రాయలసీమలో పెద్దమనుషుల పంచాయతీ ఉండగా కోర్టు ఎందుకన్న మాటకు చరిత్రే జవాబు చెబుతుంది. 1800లో దత్త మండలాలు కంపెనీ చేతికి వచ్చాక 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో గ్రామ పంచాయతీని గట్టిగా నమ్మాడు. ఆయన పట్టుదల వల్ల 1816లో మద్రాసు రెగ్యులేషన్లు పంచాయతీలకు చట్టబద్ధంగా దావాలు తేల్చే అవకాశం ఇచ్చాయి. కానీ జనం ఎక్కువగా పోయింది అదే ఏడాది రెగ్యులేషన్లు బలపరిచిన జిల్లా మున్సిఫ్ కోర్టులకే. బలవంతుడి ఊళ్ళో బలవంతుడే పెద్దమనిషి అయ్యే చోట, నోటీసు, లిఖిత జవాబు, అప్పీలు ఉన్న చోటుకు బలహీనుడు వెళ్ళడంలో వింత లేదు. రాజీని కోడ్ అడ్డుకోదు. 89వ సెక్షన్ కింద లోక్ అదాలత్‌కు పంపవచ్చు, అక్కడి అవార్డు డిక్రీతో సమానం.

ఇక కాలేజీల వైపు అభ్యంతరం. సిలబస్ పెద్దది, సమయం లేదు, ఉద్యోగ పరీక్షలకు కంఠస్థమే కావాలి అంటారు. సిలబస్‌లోనే చోటుంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి విద్యార్థీ పదిహేను డ్రాఫ్టింగ్ అభ్యాసాలు రాయాలి, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రికార్డు రాయాలి. లాయరుగా నిలబడాలంటే రాయాల్సిన అఖిల భారత బార్ పరీక్షకు బేర్ యాక్టు తీసుకెళ్ళనిస్తారు, అంటే అక్కడ అడిగేది జ్ఞాపకం కన్నా వెతికి పట్టుకునే నేర్పు. ఆ పదిహేను అభ్యాసాలనూ గైడు నుంచి నకలు చేయకుండా, ముగిసిన ఒకే దావా చుట్టూ అల్లవచ్చు. కోర్టు కాపీయింగ్ విభాగంలో అర్జీ పెట్టి తెచ్చిన ప్లైంటు, రిటన్ స్టేట్‌మెంటు, ఇష్యూలు, కమిషనర్ నివేదిక, తీర్పు, ఈపీ నకళ్ళలో పేర్లు చెరిపేసి తరగతికి ఇస్తే ఏడాది పొడవునా పాఠం నడుస్తుంది. నేనైతే ఈపీ నుంచే మొదలుపెట్టిస్తాను. డిక్రీని అమలు చేసే కోర్టు అమీనా పొలం దగ్గర ఏం అప్పగించాడో, ఏం అప్పగించలేకపోయాడో ముందు చదివి, ఆ చిక్కు డిక్రీలోని ఏ మాట వల్ల వచ్చిందో వెతికి, అక్కడి నుంచి ప్లైంటు చివరి ప్రార్థన పేరా దాకా వెనక్కి వెళ్ళి, దాన్ని తిరగరాయమంటాను.