డింగోకు వేసిన ముద్ద

ఆస్ట్రేలియా తీరంలో క్యాంపింగ్ అనగానే మంచి గుడారం, ఇసుకలో కూరుకుపోని ఫోర్ వీల్ డ్రైవ్ బండి, మడత కుర్చీలు గుర్తొస్తాయి. దుకాణాలవాళ్ళు అమ్మేవీ అవే. అసలు నేర్పు మాత్రం తిండిని దాచడంలో ఉందని నా వాదన. గుడారం సరిగా వేయడం చేతకాకపోతే ఒక రాత్రి నిద్ర చెడుతుంది, అంతే. మాంసం ముక్క బయట వదిలేస్తే దాని ఫలితాన్ని అక్కడి జంతువూ, మన తర్వాత అదే చోట దిగేవాళ్ళూ అనుభవిస్తారు.

ఇందుకు సాక్ష్యం క్వీన్స్‌లాండ్ తీరంలోని కగారి. ప్రపంచంలోకెల్లా పెద్ద ఇసుక దీవి అది. ఫ్రేజర్ ఐలాండ్ అని పిలుస్తూ వచ్చిన ఆ దీవికి మూలవాసులైన బచ్చుల్లాలు పెట్టుకున్న పాత పేరే 2023లో మళ్ళీ అధికారికమైంది. డింగోలనే అడవి కుక్కలకు అది పేరుపడ్డ చోటు. 2001 ఏప్రిల్‌లో అక్కడ తొమ్మిదేళ్ళ బాలుణ్ణి డింగోలు చంపాయి. ఆ వెంటనే ప్రభుత్వం సుమారు ముప్పై డింగోలను చంపించింది. మనుషుల తిండి రుచి మరిగి, మనుషులంటే బెరుకు పోయిన డింగో అడవిలో ఉన్నా అడవి జంతువులా మసలదు. గుడారం చింపుతుంది, ఐస్ పెట్టె లాక్కుపోతుంది, పెట్టనివాడి మీద పళ్ళు బయటపెడుతుంది. చివరికి దాన్ని చంపాల్సి వస్తుంది. అందుకే అక్కడి నియమాలన్నీ తిండి చుట్టూనే తిరుగుతాయి. తినేవాటిని గుడారంలో ఉంచకూడదు, తాళం పడే గట్టి పెట్టెలోనో బండిలోనో పెట్టాలి. చెత్తను పూడ్చినా తవ్వి తీస్తుంది కాబట్టి వెంట తీసుకుపోవాలి. మన పెద్దలు పాలకుండను ఉట్టి మీద పెట్టింది పిల్లికి నీతి నేర్పలేకే కదా!

ఒక్క ముద్ద వేస్తే ఏం పోతుంది, పక్కటెముకలు కనిపిస్తున్న ఆ జంతువును చూస్తూ ఎలా తింటాం అనేది తరచూ వినే అభ్యంతరం. జాలి మంచిదే, కానీ డింగో ఒళ్ళే సన్నటిది, మన వీధికుక్క కొలతలతో దాన్ని చూడకూడదు. పెడితే నిజంగా మేలు జరుగుతుందా అన్నదానికి పశ్చిమ ఆస్ట్రేలియాలోని మంకీ మయా జవాబు చెబుతుంది. షార్క్ బే ఒడ్డున 1960ల నుంచి మనుషులు డాల్ఫిన్లకు చేపలు పెడుతూ వచ్చారు. తల్లులు ఆ చేపల కోసం ఒడ్డునే తచ్చాడుతుంటే, పాలు తాగాల్సిన, వేట నేర్వాల్సిన పిల్లలకు తల్లితో గడిపే సమయం తగ్గింది. అలా మేత తినే తల్లుల పిల్లలు ఎక్కువగా చనిపోతున్నాయని పరిశోధకులు గుర్తించారు. 1990లలో మేతను కొద్దిపాటి ఆడ డాల్ఫిన్లకే, అదీ కొంచెమే పెట్టాలని కట్టడి చేశాక పరిస్థితి మెరుగుపడింది. కంగారూల సంగతీ అంతే, రొట్టెముక్కలు తిన్నవాటికి దవడకు జబ్బు చేసే ప్రమాదముంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో కారు అద్దం దించి కోతికి అరటిపండు అందించే చేతులే లాంగ్ వీకెండ్‌లో బ్రిస్బేన్ నుంచి బయల్దేరే కార్లలోనూ ఉంటాయి కనుక ఇంతగా చెప్పాల్సి వస్తోంది.

ప్రమాదకరమైన జంతువులనే ఏరి తీసేస్తే సరిపోదా అని ఇంకొందరంటారు. 2001లో చేసింది అదే. అయినా 2023లో అదే దీవిలో పరుగుకు వెళ్ళిన ఒకామెను డింగోలు కరుస్తూ సముద్రంలోకి తరిమాయి. ఒక డింగోను చంపితే దాని చోటుకు ఇంకొకటి వస్తుంది. దానికీ అదే పెట్టె తెరిచి కనిపిస్తుంది. ఆ ఏడాదే డింగోల పక్కన చేరి సెల్ఫీ వీడియోలు తీసుకున్న ఇద్దరికి చెరో రెండు వేల డాలర్లకు పైగా జరిమానా పడింది. నా దృష్టిలో అది కఠినం కాదు.

ఉత్తరాన ఉప్పునీటి మొసళ్ళున్న తీరంలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. నీటి అంచుకు కనీసం 50 మీటర్ల దూరంలో, పోటు గుర్తుకు 2 మీటర్ల ఎత్తున గుడారం వేయమంటారు. పట్టిన చేపను ఒడ్డున కోసి పేగులు అక్కడే పారేయవద్దంటారు. రేపు అదే చోట కూర్చునేవాడికి మొసలిని పిలిచి పెట్టినట్టే కదా.

అందరిలో గట్టి అభ్యంతరం మాత్రం నిరాశావాదిది. పదిమందిలో తొమ్మిది మంది జాగ్రత్తపడినా పదోవాడు పెడితే ఏం లాభం అంటాడతను. అందులో నిజముంది. అప్పుడప్పుడూ దొరికే తిండి జంతువును మరింత పట్టుదలగా తిప్పుతుంది. అందుకే మంచితనం మీద వదలకుండా చట్టం, జరిమానా, కంచె కావాలి. కగారిలో డుండుబరా, వాడీ పాయింట్, సెంట్రల్ స్టేషన్ క్యాంపులకు కంచె కట్టారు. లోపల మనుషులు, బయట డింగోలు. దీవి ఎవరిదో ఒప్పుకున్నట్టుగా ఉండే ఆ ఏర్పాటు నాకు సబబుగానే తోస్తుంది. సముద్రానికి ఎదురుగా కంచె లేని చోట్లు ఎంత ఊరించినా, చిన్నపిల్లలున్నవాళ్ళు ఈ మూడింటిలో ఒకటి బుక్ చేసుకోవాలి. కంచె ఉన్నా పెట్టెకు తాళం వేయక తప్పదు, గేటు మూయడం మరిచిపోయే పక్క గుడారంవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.