పులిచారల తుపాకి వయసెంత?

పెనుకొండ, గోరంట్ల సీమ ఒకప్పుడు హైదరలీ, టిప్పుల ఏలుబడిలో ఉండేది. 1792, 1799 ఒడంబడికలతో ఈ ప్రాంతం నిజాం చేతికి, 1800లో కుంపిణీ చేతికి పోయింది. టిప్పు శ్రీరంగపట్నం కార్ఖానాల్లో తయారైన చెకుముకి తుపాకుల గురించి ఈ మెట్టనేల మనిషిగా రాయాలని నాకు చాలాకాలంగా కోరిక. అంత అందమైన పనితనం, అంత గడుసైన తేదీ మరో తుపాకికి ఉన్నట్టు నాకు తెలియదు.

అసలు చిక్కంతా తేదీ దగ్గరే. గొట్టంమీద 1224 అని ఉందనుకుందాం. హిజ్రీ లెక్క కడితే అది 1809 అవుతుంది. టిప్పు 1799 మే 4న పోరులో నేలకొరిగాడు. రాజు పోయిన పదేళ్లకు రాజముద్రతో తుపాకి ఎలా వచ్చింది, ఇది నకిలీ అని పక్కన పెట్టేస్తాం. కానీ టిప్పు 1787లో మౌలూది అనే కొత్త శకం తెచ్చాడు. అది ప్రవక్త పుట్టుక నుంచి లెక్కించేది. ఆ లెక్కన 1224 అంటే 1796-97. నకిలీ అనుకున్నది అచ్చమైన సరుకే! ఇంకో విశేషం, సంవత్సరాలకు అతను కొత్త పేర్లు పెట్టినా చక్రం మాత్రం మన ప్రభవ, విభవల అరవయ్యేళ్లదే. మౌలూది నాణేలమీద అంకెలు కుడినుంచి ఎడమకు నడుస్తాయి కాబట్టి, తుపాకి మీదా ఏ దిక్కునుంచి చదవాలో ముందు తేల్చుకోవాలి.

తేదీ కుదిరినంత మాత్రాన తుపాకి అసలుదని కాదు. అక్షరాలు ఎవరైనా చెక్కగలరు. భూతద్దం పట్టి తుప్పు గుంటలు చూడాలి. గుంట అక్షరాన్ని కూడా తినేసి ఉంటే అక్షరం పాతదే. చుట్టూ గుంటలు పడి, అక్షరం అడుగు మాత్రం నున్నగా ఉంటే అది తర్వాత చెక్కింది.

ఇక పనితనం. బుబ్రీ అనే పులిచార కొయ్యమీద వెండితో పొదిగి ఉంటుంది. మేలిరకం తుపాకుల్లో గొట్టం మూతి పులి తల. చెకుముకి రాయిని పట్టుకుని ఉక్కుమీద కొట్టే భాగమూ పులే. రాయి పట్టే చోటు, దెబ్బ తగిలే కోణం రవ్వంత తప్పితే నిప్పు రాదు. ఆ కొలత చెడకుండానే పనివాడు పులికి ప్రాణం పోశాడు. నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే.

నేనైతే మరలు విప్పించి చూడమంటాను. చేత్తో కోసిన మర తన బెజ్జంలోనే ఇముడుతుంది, పక్కదానిలో తిరగదు. లోపలి ఇనుము ఆనే చోట కొయ్యలో సందు ఉండకూడదు. పందొమ్మిదో శతాబ్దంలో చెకుముకి తుపాకులెన్నిటినో టోపీ మందు తుపాకులుగా మార్చారు. తర్వాత ధర కోసం కొన్నిటిని మళ్లీ వెనక్కి తిప్పారు. అలా తిప్పినచోట నిప్పుబెజ్జం పక్కన పూడ్చిన మచ్చ ఉంటుంది. మందు పేలి కాలిన గరుకుతనం అక్కడ ఉండదు.

2015లో లండన్ బోన్హామ్స్ వేలంలో టిప్పు ఆయుధాలు భారీ ధర పలికాయి. అందుకే ఇలాంటిది ఏ ఇంట్లోనైనా దొరికితే చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమవద్దని వేడుకుంటున్నాను. ఆ గుంటలు, ఆ మసి పోతే దాని వయసు తేల్చే ముఖ్యమైన ఆధారాలు పోయినట్టే.