తగ్గి వాయించినవాళ్లు

కంట్రీ రాక్ అనే బాణీకి మూలం ఎక్కడుందని అడిగితే, ది బర్డ్స్ బృందం 1968లో తెచ్చిన ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ రికార్డు పేరే ఎక్కువమంది చెబుతారు. తీరా పెట్టుకుని విన్నాక ఒక సందేహం వస్తుంది: ఇందులో రాక్ ఏదీ? చెవులు హోరెత్తించే ఎలక్ట్రిక్ గిటార్ లేదు. డ్రమ్స్ ఉన్నాయంటే ఉన్నాయి. పదకొండు పాటలు, అరగంట పైచిలుకు. ఆ కాస్త సేపట్లో బ్యాంజో, ఫిడేల్, వెక్కుతున్నట్టు జారే పెడల్ స్టీల్. జైలు గోడలు, తాగుబోతు దిగులు, దైవభక్తి. ‘నథింగ్ వాజ్ డెలివర్డ్’ పాటలో పల్లవి వచ్చినప్పుడల్లా దరువు ఉన్నట్టుండి బరువెక్కుతుంది. ఇదీ రాక్ అని వేలు పెట్టి చూపించగలిగేది దాదాపు ఆ కొద్దిసేపే.

సందేహం న్యాయమైనదే. రెండు సంగీతాలు కలిపారంటే చెరిసగం పోసి ఉంటారనుకుంటాం. ఇక్కడ ఒకరు పూర్తిగా తగ్గి, రెండోవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. ఈ రికార్డు విలువంతా ఆ తగ్గడంలోనే ఉందని నా లెక్క.

తగ్గినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. బాబ్ డిలన్ రాసిన ‘మిస్టర్ టాంబొరీన్ మ్యాన్’ని 1965లో ఎలక్ట్రిక్ వాద్యాల మీదికి ఎక్కించి అమెరికాలో మొదటి స్థానానికి తీసుకెళ్లారు. రోజర్ మెగ్విన్ చేతిలో పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ గిటార్ మోగితే చాలు, ఎవరి పాటో తెలిసిపోయేది. రవిశంకర్ సితారునీ, జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్‌నీ అదే పనిగా విని, ఆ ప్రభావంలో 1966లో ‘ఎయిట్ మైల్స్ హై’ చేసిందీ వీళ్లే. 1968 వచ్చేసరికి బృందం చెదిరిపోయింది. డేవిడ్ క్రాస్బీని పంపించేశారు. డ్రమ్మర్ మైకేల్ క్లార్క్ వెళ్లిపోయాడు. మిగిలింది మెగ్విన్, బాస్ గిటార్ వాయించే క్రిస్ హిల్‌మన్. డ్రమ్స్‌కి హిల్‌మన్ బంధువు కెవిన్ కెల్లీని తెచ్చుకున్నారు.

మెగ్విన్ మనసులో అప్పటికి పెద్ద పథకమే ఉంది. బ్లూగ్రాస్ దగ్గర మొదలుపెట్టి ఎలక్ట్రానిక్ సింథసైజర్ దాకా అమెరికా సంగీత చరిత్రనంతా ఒక జంట రికార్డులో చెప్పాలని. దానికి జాజ్ పియానో తెలిసిన మనిషి కావాలి. వచ్చినవాడు గ్రామ్ పార్సన్స్, జార్జియాలో పెరిగిన 21 ఏళ్ల కుర్రాడు. పియానో కొంచెం వచ్చు, కంట్రీ పాటంటే మాత్రం ప్రాణం. హిల్‌మన్ లోపలా అదే దాగి ఉంది. రాక్‌లోకి రాకముందు అతను బ్లూగ్రాస్ బృందాల్లో మాండలిన్ వాయించేవాడు. (మాండలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తొస్తాడు. అమెరికా కొండప్రాంతాల్లో ఆ వాద్యం బతుకు వేరు. అక్కడది చకచకా తాళం కొట్టే పనిముట్టు కూడా.) వీళ్లిద్దరూ ఒకవైపు చేరేసరికి మెగ్విన్ పథకం మూలపడింది. దానితోపాటే పన్నెండు తీగల గిటారూ మూలకు చేరింది.

1968 మార్చిలో కంట్రీ పాటల ఊరు నాష్‌విల్ వెళ్లి కొలంబియా స్టూడియోలో కూర్చున్నారు. మిగతా పాటలు తరవాత లాస్ ఏంజెలెస్‌లో పూర్తయ్యాయి. నాష్‌విల్‌లో వీళ్ల పరిస్థితి ఇల్లరికపు అల్లుడిది: బయట ఎంత పేరున్నా లోపల ఆ ఇంటి పద్ధతే నడవాలి. బ్యాంజోకీ ఫిడేలుకీ జాన్ హార్ట్‌ఫర్డ్, స్టీల్‌కి లాయిడ్ గ్రీన్. లాస్ ఏంజెలెస్‌లో స్టీల్ మీద జేడీ మేనెస్, పియానో మీద ఎర్ల్ బాల్, గిటార్ మీద క్లారెన్స్ వైట్. ఎవరి పనిలో వాళ్లు ఆరితేరినవాళ్లు.

పెడల్ స్టీల్ గురించి కాస్త నిలబడి మాట్లాడుకోవాలి. ఈ రికార్డు గుండెకాయ అదే. మాటకి గిటారే గానీ భుజానికి తగిలించుకునేది కాదు. నాలుగు కాళ్ల మీద నిలబడే బల్లలా ఉంటుంది, వాయించేవాడు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పది తీగలు. కుడిచేతి వేళ్లకు తొడుగులు వేసుకుని మీటుతాడు. ఎడమచేతిలో నున్నటి ఉక్కు కడ్డీ. తీగని వేలితో నొక్కడమనేది లేదు, ఆ కడ్డీయే తీగల మీద జారుతుంది. ఇక్కడిదాకా మన గోటువాద్యం విన్నవాళ్లకు కొత్తేం కాదు. మెట్లు లేని తీగ మీద కడ్డీ జారిస్తే గమకం ఎలా పలుకుతుందో వాళ్లకు తెలుసు. స్టీల్ గిటార్‌కి పుట్టిల్లు హవాయి దీవులు. అక్కడినుంచి అమెరికా ప్రధాన భూభాగానికి వచ్చి, కంట్రీ పాటలో స్థిరపడింది.

తేడా అంతా కాళ్ల దగ్గర వస్తుంది. ఎడమ పాదం కింద వరసగా పెడళ్లు, మోకాళ్లకు తగిలేలా మీటలు. ఒక పెడల్ తొక్కితే వాద్యం కడుపులోని కడ్డీలు కదిలి ఒకటి రెండు తీగల్నే బిగిస్తాయి. తక్కిన తీగలు ఉన్నచోటే ఉంటాయి. మన స్వరాల్లో చెప్పుకుందాం. నాష్‌విల్‌వాళ్లు వాడే శ్రుతి ఏర్పాటులో ‘ఇ’ని షడ్జమం అనుకుంటే, మూడు తీగలు స–గ–ప అని కలిసి మోగుతున్నాయి. మొదటి రెండు పెడళ్లు కలిపి తొక్కాడు. గాంధారం మధ్యమంలోకి, పంచమం ధైవతంలోకి ఎగబాకాయి. షడ్జమం మాత్రం కదల్లేదు. స–గ–ప కాస్తా వినేవాడి చెవి ముందే స–మ–ధగా మారిపోయింది. గోటువాద్యంలో స్వరం జారుతుంది. ఇక్కడ ఒక స్వరం నిలబడి ఉండగా దాని పక్కనున్నవి జారతాయి. కలిసి మోగుతున్న స్వరాల మధ్య ఈ కదలికే కంట్రీ పాటకు ఆ గుండె పట్టేసే గుణం ఇచ్చింది. వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’లో బడ్ ఐజక్స్ ఈ కిటుకు వాడాడు. 1954లో ఆ పాట మారుమోగాక నాష్‌విల్ స్టీల్ వాద్యకారులు తమ గిటార్లకు పెడళ్లు బిగించుకోవడం మొదలుపెట్టారు.

కుడి పాదానికి ఇంకో పని. దాని కింద ఉండేది శబ్దం పెంచి తగ్గించే పెడల్. తీగ మీటే క్షణంలో శబ్దాన్ని అణచి, మీటాక మెల్లగా పైకి తెస్తాడు. మీటిన చప్పుడు వినపడదు. స్వరం ఎక్కణ్నుంచో తనంత తాను ఊరినట్టుంటుంది. రెండు చేతులు, రెండు పాదాలు, రెండు మోకాళ్లు ఏకకాలంలో పనిచేస్తేనే ఒక చిన్న సంగతి. చూడటానికి మాత్రం వాయించేవాడు బ్యాంకులో గుమాస్తాలా కదలకుండా కూర్చుని ఉంటాడు.

తాను ఎక్కడెక్కడ వాయించాలో చెప్పమని లాయిడ్ గ్రీన్ అడిగితే, అంతటా వాయించమన్నారట. ఆయనే తరవాత చాలాసార్లు చెప్పుకున్నాడు. నాష్‌విల్ కట్టుబాటు ప్రకారం స్టీల్ ఉండేది పాడేవాడి మాటల మధ్య సందు పూడ్చడానికి. గాయకుడు నోరు తెరిస్తే స్టీల్ వెనక్కి తగ్గాలి. ఈ కుర్రాళ్లు ఆ అదుపు తీసేశారు. రికార్డులో మొదటి పాట ‘యూ ఎయింట్ గోయిన్ నోవేర్’ వినండి. డిలన్ రాసిన పాట, ఎత్తుగడే స్టీల్‌ది. ఆ తరవాతా అది పాటని వదలదు, గొంతు పక్కనే తిరుగుతూ ఉంటుంది. ఇందులో రాక్ ఏదని అడిగినవాళ్లకు నేను చూపించేది ఇదే. రాక్ వాళ్లు తమ వాద్యాల్ని తేలేదు. తమ స్వేచ్ఛని తెచ్చి ఇంకొకరి వాద్యానికి ఇచ్చారు.

పాటల ఎంపికలోనూ ఆ స్వేచ్ఛే. ‘యూ డోంట్ మిస్ యువర్ వాటర్’ నల్లజాతి గాయకుడు విలియం బెల్ 1961లో మెంఫిస్‌లోని స్టాక్స్ కంపెనీకి పాడిన సోల్ పాట. దాన్ని తెచ్చి స్టీల్ గిటార్ పక్కన కూర్చోబెడితే ఎక్కడా అతుకు కనపడదు. ఎందుకు కనపడాలి? దక్షిణాది చర్చి పాటలోంచి రెండూ వచ్చాయి. తెల్లవాళ్ల పాటలకొక పేరు, నల్లవాళ్ల పాటలకొక పేరు పెట్టి 1920ల నుంచీ వేరువేరుగా అమ్ముకున్నది రికార్డు కంపెనీలు. స్టాక్స్ స్థాపించిన జిమ్ స్టూవర్ట్ తానే ఒకప్పుడు కంట్రీ ఫిడేలు వాయించినవాడు. ఆ పాట పక్కనే లూవిన్ సోదరుల భక్తిగీతం ‘ది క్రిస్టియన్ లైఫ్’, వుడీ గథ్రీ ఒక బందిపోటుని మంచివాణ్ని చేసి కట్టిన ‘ప్రెటీ బాయ్ ఫ్లాయిడ్’, స్వయంగా శాన్ క్వెంటిన్ జైల్లో ఉండి వచ్చిన మెర్ల్ హాగర్డ్ ‘లైఫ్ ఇన్ ప్రిజన్’. ఆ జైలు పాట పాడింది నారింజ తోటల సంపన్న కుటుంబంలో పుట్టిన పార్సన్స్. బాగానే పాడాడు గానీ హాగర్డ్ గొంతులోని ఇనుప చప్పుడు రాలేదు. ‘బ్లూ కెనేడియన్ రాకీస్’ నిడివి కోసం పెట్టినట్టుంటుంది. దాటేసినా నష్టం లేదు.

రికార్డుకు కిరీటం ‘హికరీ విండ్’. బాబ్ బుకానన్‌తో కలిసి పార్సన్స్ కట్టిన పాట. పెద్ద ఊరు చేరి, డబ్బూ పేరూ చూసి, చిన్ననాటి చెట్ల గాలి కోసం అంగలార్చే మనిషి గోడు. నడక తిశ్రం, వాల్ట్‌జ్ లెక్క, తొందర లేదు. పార్సన్స్ గొంతు సన్నం, అంచుల్లో కాస్త పగులుతుంది. శ్రుతిలో ఉండీ ఉండనట్టుండే ఆ పగుల్లోనే పాట దిగులు ఉంది. శిక్షణ ఉన్న గొంతయితే పాడైపోయేది. చరణం చివర పక్కగొంతు చేరినప్పుడు కంట్రీ పాటల జంటగానం పద్ధతి వినపడుతుంది: ఒకరు అసలు వరస పట్టుకుంటారు, రెండోవారు దానికి కొన్ని మెట్లు పైన నడుస్తారు, ఇద్దరూ ఒకే మాటను ఒకే క్షణంలో పలుకుతారు. లూవిన్ సోదరులు దీనిలో నిష్ణాతులు. మన కచేరీలో ఇద్దరు కలిసి పాడితే ఒకే స్వరం మీద నిలుస్తారు. ఇక్కడ స్వరాల మధ్య దూరాన్ని చెదరకుండా కాపాడటం విద్య.

ఈ పాటతోనే పెద్ద రభస జరిగింది. మార్చి 15న నాష్‌విల్‌లోని రైమన్ ఆడిటోరియంలో గ్రాండ్ ఓల్ ఓప్రీ వేదిక ఎక్కారు. 1925 నుంచి రేడియోలో వస్తున్న కార్యక్రమం అది, కంట్రీ సంగీతానికి కొలువుకూటం. అంతకుముందు ఏ రాక్ బృందమూ ఆ మెట్లెక్కలేదు. జుట్టు కత్తిరించుకుని మరీ వెళ్లినా గేలి తప్పలేదు. హాగర్డ్ పాట ఒకటి అయింది. రెండోదీ ఆయనదే పాడతారని వేదిక మీద ప్రకటించాక, పార్సన్స్ మాట మార్చి, తన అమ్మమ్మకు అంకితమంటూ ‘హికరీ విండ్’ ఎత్తుకున్నాడు. ఓప్రీలో ముందే ఖరారైన పాట మార్చడం తప్పు. నిర్వాహకులు మండిపడ్డారు. నాష్‌విల్ రేడియోలో పేరుమోసిన రాల్ఫ్ ఎమరీ తన కార్యక్రమంలో వీళ్లను చులకన చేశాడు. మెగ్విన్, పార్సన్స్ ఆయన మీద ఒక ఎకసెక్కపు పాటే కట్టేశారు.

కంట్రీ శ్రోతలకు వీళ్లు వేషం వేసుకొచ్చిన హిప్పీలు. రాక్ శ్రోతలకు కంట్రీ అంటే వియత్నాం యుద్ధాన్ని సమర్థించే తెల్ల పల్లెటూళ్ల పాట. రికార్డు విడుదలైంది 1968 ఆగస్టు 30న; ఆ వారమే షికాగోలో యుద్ధ వ్యతిరేకుల్ని పోలీసులు లాఠీలతో బాదుతుంటే దేశమంతా టీవీలో చూసింది. అలాంటి వారంలో యువతరం వెళ్లి లూవిన్ సోదరుల భక్తిగీతం కొనుక్కుంటుందా? బిల్‌బోర్డ్ పట్టికలో 77వ స్థానం దగ్గరే ఆగిపోయింది. అంతకుముందే జూలైలో పార్సన్స్ లండన్‌లో బృందాన్ని వదిలేశాడు. వర్ణవివక్ష ఉన్న దక్షిణాఫ్రికాలో పాడనన్నాడు. రోలింగ్ స్టోన్స్ సహవాసం వదల్లేకే ఆ సాకు అని హిల్‌మన్ తరవాత అన్నాడు. రెండూ నిజం కావచ్చు.

కంట్రీనీ రాక్‌నీ కలిపినవాళ్లు వీళ్లకు ముందు లేకపోలేదు. బీటిల్స్ 1965లోనే బక్ ఓవెన్స్ పాట పాడారు. పార్సన్స్ తన పాత బృందంతో ‘సేఫ్ ఎట్ హోమ్’ చేశాడు. కానీ మొదటి వరసలో ఉన్న రాక్ బృందం, తన గుర్తుగా ఉన్న ధ్వనినే పక్కన పెట్టి, రికార్డు పొడుగునా ఇలా తలవంచింది ఇక్కడే. తరవాతివాళ్లు తలెత్తుకునే వాయించారు. పార్సన్స్, హిల్‌మన్ 1968లో పెట్టిన ఫ్లయింగ్ బరీటో బ్రదర్స్‌లో స్నీకీ పీట్ స్టీల్ గిటార్‌కి ఫజ్ తగిలించి గరగరలాడించాడు. డ్రమ్మర్ జీన్ పార్సన్స్‌తో కలిసి క్లారెన్స్ వైట్ మామూలు గిటార్ లోపల ఒక మీట అమర్చుకున్నాడు; మెడ కిందికి నొక్కితే రెండో తీగ ఒక స్వరం పైకి లేచి స్టీల్ లాగే ఏడ్చేది. 1971లో పుట్టిన ఈగల్స్‌లో బరీటోల నుంచి వచ్చిన బెర్నీ లేడన్ ఉన్నాడు. ‘హోటల్ కాలిఫోర్నియా’ తెలిసిన మన గిటార్ కుర్రాళ్లలో ఎంతమందికి ఈ వంశవృక్షం తెలుసో గానీ, వేరు మాత్రం ఇక్కడుంది. ఈగల్స్ దాన్ని నునుపు చేసి కోట్లలో అమ్మారు. నాకు ఈ గరుకే ఇష్టం.

పార్సన్స్ 1973లో, 26 ఏళ్లకే పోయాడు. అతని చుట్టూ అల్లుకున్న కథల వల్ల రికార్డులోని ఒక పాత తగాదా ఇంకా సాగుతోంది. లీ హేజిల్‌వుడ్ రికార్డు కంపెనీతో అతనికి అంతకుముందున్న ఒప్పందం అడ్డొచ్చి, అతను పాడిన కొన్ని పాటల్ని చెరిపి మెగ్విన్ మళ్లీ పాడాడు. పార్సన్స్ గొంతే అంతా నిండిపోకూడదన్న ఆలోచన కూడా ఉందని నిర్మాత గ్యారీ అషర్ తరవాతి కాలంలో చెప్పాడు. 2003లో వచ్చిన జంట సీడీలో రెండు రకాలూ ఉన్నాయి, పక్కపక్కన పెట్టుకుని వినొచ్చు. ‘ది క్రిస్టియన్ లైఫ్’లో మెగ్విన్ తెచ్చిపెట్టుకున్న దక్షిణాది యాస వింటే నవ్వొస్తుంది, అక్కడ పార్సన్స్‌దే పైచేయి. ‘యూ డోంట్ మిస్ యువర్ వాటర్’కి వచ్చేసరికి నా ఓటు మెగ్విన్‌కే. పార్సన్స్ ఆ పాటని గుండెలు బాదుకుంటూ పాడాడు. మెగ్విన్ ఏ హడావుడీ లేకుండా మాటలు చెప్పి ఊరుకున్నాడు. మిగిలింది జేడీ మేనెస్ స్టీల్ చూసుకుంది.