బంటు ఐదు అడుగులు

2013 నవంబరు 21న మన చెన్నైలో, హయత్ రీజెన్సీ హోటల్లో జరిగిన ప్రపంచ చదరంగం పోటీ తొమ్మిదో ఆట గురించి చాలామంది ఒకటే మాట అంటారు: "ఆనంద్ గుర్రాన్ని తప్పుగా జరిపాడు, ఓడిపోయాడు." నేను ఆ ఆటను ఎత్తు తర్వాత ఎత్తు బోర్డు మీద వేసి చూశాను. ఆ మాట నిజమే గానీ, సగం నిజం.

అప్పటికి కార్ల్‌సన్‌కి 5 పాయింట్లు, ఆనంద్‌కి 3. మిగిలినవి నాలుగే ఆటలు, ఇక డ్రాలతో పని జరగదు. అందుకే ఆనంద్ తెల్లబంట్లను నేరుగా నల్లరాజు మీదికి తోలాడు, మంత్రిని రాజు దగ్గరికే తెచ్చాడు. చూస్తుంటే మనకే గుండె దడదడలాడుతుంది. కార్ల్‌సన్ మాత్రం కావలసినంత కాపలా పెట్టుకుని, అవతలి పక్క ఒక బంటును నడిపించుకుంటూ పోయాడు. ఐదు ఎత్తుల్లో అది మంత్రి అయి, రాజుకు చెక్ చెప్పింది. అతని అసలు మంత్రి ఆట మొత్తంలో మొదటి గడి వదల్లేదు!

28వ ఎత్తులో ఆనంద్ గుర్రాన్ని రాజుకు అడ్డం తెచ్చాడు. గుర్రం లేవగానే అది మూసి ఉంచిన ఐమూల దారి తెరుచుకుంది. కొత్త మంత్రి ఆ దారిలోకి జరిగి, తెల్ల ఏనుగు దాడికి వెళ్ళాల్సిన గడిని కాపు కాసింది. ఆనంద్ వెంటనే ఓటమి ఒప్పుకున్నాడు.

శకటును అడ్డం పెట్టి ఉంటే? గుర్రం ఆ దారిలోనే ఉండేది. అయినా కార్ల్‌సన్ కొత్త మంత్రిని బలిచ్చి నిలబడేవాడు. అంటే గుర్రంతో పోయింది డ్రా అవకాశమే. గెలుపును ఆపింది బంటు. మరి దాని గురించి ఎవరూ మాట్లాడరేం?