పలచదనమే పనితనం
ఆత్రేయపురం పూతరేకుకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాలిన కుండ మీద అంత పలచటి రేకు తీసే కోనసీమకి పలచదనం విలువ వేరే చెప్పాలా?

అమలాపురంలో మా అక్కయ్య సాయంత్రం టీలోకి చేసే దోసకాయ శాండ్‌విచ్‌లోనూ అదే పనితనం. కీరదోసను వెలుతురు కనిపించేంత పలచగా తరుగుతుంది. ఉప్పు చల్లి, పది నిమిషాలాగి, ఊరిన నీటిని గుడ్డతో అద్దేస్తుంది. బ్రెడ్డుకి అంచులదాకా వెన్న రాస్తుంది. తడికి అదే గట్టు. ఆపైన పెరట్లో అప్పుడే కోసిన కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి వేసి, నిమ్మరసం పిండి, నీళ్ళు పొయ్యకుండా నూరిన పచ్చడి.

పొయ్యి వెలిగించని వంటే కదా అని చులకన చేస్తారు. కానీ తప్పు దాచడానికి ఇందులో నూనె లేదు, తాలింపూ లేదు. ఉన్నదల్లా కత్తి పదును, చేతి ఓపిక. టీ చల్లారేలోపు పళ్ళెం ఖాళీ అవడమే ఆమెకి బిరుదు.